ఏది ముందు, ఏది వెనక

సాయంత్రం ఆరింటికి ముందు గాలి సంగతి చెబుతారు.
పడమటి గాలి, అల నాలుగు మీటర్లు.
తర్వాత కాసేపు రేడియో గొంతు సవరించుకుంటుంది.
అప్పుడు మొదలవుతాయి పుస్తకాలు.

"నోల్బెర్తో, నీకు డ్రాగన్లంటే విసుగని తెలుసు.
అయినా ఇది చదువు. ఇందులో డ్రాగన్‌కి పన్నునొప్పి. ఓవర్."
"ఇస్మేనియా, శనిగ్రహం ఖైదీల కథ
తొంభయ్యో పేజీ దాకా ఓర్చుకో.
అక్కణ్ణుంచి అదే నిన్ను మోసుకుపోతుంది. ఓవర్."

చిలీ దేశం ముక్కలు ముక్కలై నీళ్లలోకి జారిపోయే చోట
మూడు దీపస్తంభాలు, నలుగురు మనుషులు,
వాళ్ల మధ్య రెండొందల మైళ్ల చలి.

నేను చదివేవాణ్ణి కాదు, మోసేవాణ్ణి.
రెండు నెలలకోసారి పడవలో
పిండి, డీజిలు, ఉల్లిపాయలు, మాతే ఆకు,
ఒకళ్లు పొగిడింది ఇంకొకళ్లకి.
సంచి లోపల ఏ లోకముందో నాకనవసరం.
ఉల్లిపాయల కంటే బరువా, తేలికా, అంతే.

ఒకటి మాత్రం కనిపెట్టాను.
మాట ఆ క్షణమే చేరుతుంది, పుస్తకం రెండు నెలలకి.
ఈలోపు ఎదురుచూసేవాళ్లు
దాన్ని లోలోపల తామే రాసేసుకుంటారు.
అసలుది చేతికొచ్చాక బాల్దోమెరోది ఎప్పుడూ ఒకే మాట:
"బాగుంది గానీ, నువ్వు చెప్పిందే ఇంకా బాగుంది."

ఆగస్టులో, ఇస్మేనియా రేవు దగ్గర
సంచి జారి నీళ్లలో పడింది.
అందులో పుస్తకాల కొట్టావిడ ఆమెకని ఏరి పంపింది ఒకటి.
కొక్కెంతో లాగేసరికి నానిన రొట్టెలా ఉబ్బి,
కుట్టు తెగి, ఏ కాగితానికి ఆ కాగితం.
"వచ్చే తడవ తెస్తా" అన్నాను, ఇంకేం చెప్పకుండా.

ఇంజను గదిలో తాడు కట్టి చేపల్లా ఆరేశాను.
ఆరాయి. మూలల్లో అంకెల్ని మాత్రం ఉప్పు తినేసింది.
సరే, కథని బట్టి పేర్చుకుంటే పోలా అనుకుని
చదవడం మొదలుపెట్టాను.
అది కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే మనిషి కథ!

ఒక కాగితంలో ముసలాడు.
ఇంకోదాంట్లో వాడే, పాలపళ్లు ఊడని పిల్లాడు,
ఆ ముసలాడికి దారి చెబుతూ.
భార్యని పాతిపెట్టి వచ్చిన సాయంత్రమే
ఆమెని మొదటిసారి చూస్తాడు రొట్టెల కొట్టు ముందు.
తలా తోకా లేని కథ అంటారే,
నా చేతిలో తలలు మూడు, తోకలు ఐదు.

పదకొండు రాత్రులు.
"లెక్కలు చూస్తున్నావా?" అన్నాడు కెప్టెన్ కాసిల్దో.
అవునన్నాను.
చివరికి నాకు తోచిన వరసలో పెట్టి
తెరచాప సూదితో కుట్టేశాను.
పాతిపెట్టడం మొదట్లోనే అయిపోనిచ్చాను.
నా బతుకులో అది మధ్యలో వచ్చింది, బాగోలేదు.
రొట్టెల కొట్టు చివర పెట్టాను.

అక్టోబరులో అందించాను.
నవంబరులో ఓ సాయంత్రం, గాలి సంగతి అయ్యాక
ఇస్మేనియా గొంతు:
"ఒక పుస్తకం. ఇలాంటిది నేనెప్పుడూ చదవలేదు.
కాలం ఇందులో ఈల్ చేప, పట్టుకుంటే జారుతుంది.
ముగింపు చెప్పను.
రెండుసార్లు ఏడ్చాను, ఒకే ఏడుపు కాదు. ఓవర్."

నోల్బెర్తోకి ఓపిక తక్కువ.
పుంటా అరెనాస్ నుంచి కొత్త ప్రతి తెప్పించుకున్నాడు.
నేనే మోశాను. పొడిగా, అట్ట మెరుస్తూ.
జనవరిలో అన్నాడు: "పర్లేదు. మామూలు కథే.
చివర్లో ఆవిడ చచ్చిపోతుంది.
నీకేం కనిపించిందో నాకు తెలీదు. ఓవర్."

చాలాసేపు గరగర.
తర్వాత ఇస్మేనియా, మెల్లగా:
"చావుతో కదా మొదలవుతుంది?"

పడవలో మైకు చేతిలోకి తీసుకున్నాను.
పదేళ్లుగా ఇంధనం లెక్క తప్ప
ఏమీ పలకని మైకు అది.

"రెమిహియో, పడవ నుంచి.
నోల్బెర్తో, నీ ప్రతి కుట్టు విప్పి ఉంచు.
సూది నేను తెస్తున్నా.
అల తగ్గితే గురువారం. ఓవర్."